నాయన లేని పెండ్లికి నలభై వేలు

పాకాలలో నా స్టూడియో ముందు ఒక బోర్డు ఉంది. పెండ్లికి అరవై ఐదు వేలు అని ఉంటుంది దాని మీద. వచ్చినవాళ్ళు దాన్ని చదివి, నా ముఖం చూసి, మళ్ళీ బోర్డు చూసి, "చివరి రేటు చెప్పమ్మా" అంటారు. అదే చివరి రేటు అంటాను. మొదటి రేటూ అదే. కొందరు విసుక్కుని పోతారు, కొందరు కూర్చుంటారు. ఆ అంకె నాది కాదని మాత్రం ఎవరికీ చెప్పను. అది నాకెలా వచ్చిందో తెలిస్తే వాళ్ళు నా ఇంట్లో నీళ్ళు కూడా తాగరు. ఆ అంకె పూతలపట్టు జయరావు సార్‌ది. ఆయన గురించి చెప్పే అర్హత నాకు లేదు గానీ, నేను చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు.

పూతలపట్టు కూడలిలో బస్సు దిగి చిత్తూరు దారిలో నాలుగడుగులు వేస్తే, మందుల షాపు పైన మిద్దెలో ఆయన స్టూడియో. మెట్లు ఎంత ఇరుకంటే పెళ్ళికూతురూ, తోడు వచ్చిన మేనత్తా పక్కపక్కన ఎక్కలేరు. లోపల ఒక కుర్చీ, ఒక అద్దం, అద్దానికి దారంతో కట్టిన దువ్వెన. దారం ఎందుకు సార్ అంటే, "ఎవురికీ దాని మీద ఆశ ఉండదు పాపా. అయినా జేబులోకి పోతాది" అనేవాడు.

ఆయన నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. పాకాల నుంచి కాట్పాడి వైపు పట్టాల మీదే ఆ మనిషి బతుకంతా గడిచింది. సార్‌కు పద్నాలుగేళ్ళప్పుడు పోయాడు. కర్మాంతరాల రోజు పటం పెడదామంటే ఇంట్లో ఒక్క ఫోటో లేదు. ఉద్యోగం కార్డు మీద ఉన్న గోరంత బొమ్మను తిరుపతికి తీసుకుపోయి పెద్దది చేయిస్తే మీసం వచ్చింది గానీ కళ్ళు రాలేదు. ఆ పటానికే దండ వేసి అందరూ దణ్ణం పెట్టుకున్నారు.

ఆ మరుసటి ఏడాది సార్ తిరుమల కొండ మీద ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాడు. గుండ్లు చేయించుకుని వచ్చిన సంసారాలను తెర ముందు నిలబెట్టి ఫోటోలు తీయడం పని. ఎనిమిదేళ్ళు అదే చేశాడు. కొత్తగా గుండయిన మనిషికి తన తల తనకే కొత్తగా ఉంటుందట, ఎక్కడ చూడాలో తెలియదట, ఆ బెరుకు పోయేదాకా ఓపిగ్గా ఆగడమే తాను కొండ మీద నేర్చుకున్న విద్య అనేవాడు. ఈ రోజుకీ ఆయన ఎవరినీ నవ్వమనడు. "ఊపిరి పీల్చుకో పాపా" అంటాడు. ఊపిరి పీల్చుకుని వదిలేలోపు ఆయన పని అయిపోయి ఉంటుంది.

పెళ్ళిళ్ళలో ఆయనకొక పద్ధతి ఉంది. ఏ పెళ్ళికి పోయినా మొదటి ఫోటో పెళ్ళికూతురికీ, వాళ్ళ నాయనకూ కలిపి తీస్తాడు. ఇద్దరికే. అమ్మ కూడా రాకూడదు అందులోకి. దాన్ని పెద్దది చేయించి ఫ్రేము కట్టించి ఇస్తాడు. బిల్లులో రాయడు. ఎందుకు సార్ అని ఒకసారి అడిగితే, లెన్సు తుడుస్తూ తన నాయన పటం సంగతి చెప్పి, "కండ్లు పడాల గదా" అని ఊరుకున్నాడు.

పన్నెండేళ్ళ కిందట నా పెళ్ళికీ ఆయనే వచ్చాడు. మా నాయన మునస్వామికి కెమెరా అంటే భయం. ఫోటో అనగానే పోయి వంటవాళ్ళ మధ్యలో దాక్కున్నాడు. సార్ అక్కడికే పోయి, సాంబారు గుండిగ పక్కన కూర్చున్న మనిషి చేయి పట్టుకుని లేపాడు. "రా అప్పా, ఇది బిల్లులో ల్యా" అన్నాడు. మా నాయన నవ్వేశాడు. ఆ నవ్వు ఆరకముందే నా పక్కన నిలబెట్టి తీసిన ఫోటో ఇప్పటికీ మా ఇంటి హాల్లో ఉంది.

నాకు ఈ పని నేర్పింది కూడా ఆయనే. నా కొడుకు బడికి పోవడం మొదలుపెట్టాక, నేర్చుకుంటాను సార్ అని ఆ ఇరుకు మెట్లెక్కాను. ఆడపిల్లవు, నీకెందుకమ్మా అనలేదు. మూడేళ్ళు నేర్పించి, మూడేళ్ళూ జీతం ఇచ్చాడు. పాకాల స్టేషన్ రోడ్డులో నేను సొంతంగా అంగడి పెట్టుకుంటానంటే తన లైటు స్టాండు ఒకటి బస్సులో వేసుకుని తెచ్చి ఇచ్చాడు. అంతకన్నా పెద్ద మనసున్న మనిషిని నేను చూడలేదు. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

అంగడి పెట్టాను గానీ ఎంత అడగాలో నాకు తెలియదు. సార్ దగ్గర ఉన్నన్నాళ్ళూ బేరం ఆయన కింద మందుల షాపు అరుగు మీద మాట్లాడుకునేవాడు, నేను పైన ఆల్బం పని చూసుకునేదాన్ని. ఇప్పుడు జనం వచ్చి "ఎంతమ్మా?" అంటే వాళ్ళను చూసి నోటికొచ్చిన అంకె చెప్పేదాన్ని. కారులో వస్తే యాభై వేలు అనేదాన్ని. లేకపోతే ఇరవై. మరీ తెలిసినవాళ్ళయితే "మీ ఇష్టం" అనేదాన్ని. మీ ఇష్టం అన్నావా, అయిపోయింది నీ పని. ఎవరి ఇష్టమూ పదిహేను వేలు దాటి పోదు.

సార్‌కు ఫోన్ చేసి, మీరెంత తీసుకుంటారు అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేకపోయాను. ఆయన విద్య తీసుకుని ఆయనకు పోటీగా అంగడి పెట్టి, ఇప్పుడు రేటు కూడా ఆయన్నే అడగాలా అని సిగ్గుపడ్డాను. ఎక్కడ సిగ్గుపడకూడదో అక్కడ పడ్డాను నేను.

మా అత్త సంతోషమ్మ బేరానికే పుట్టిన మనిషి. కూరగాయలవాడు ఊరికే ఇస్తానన్నా ఇంకో రెండు వంకాయలు వేయమంటుంది. "ఏమ్మే, దీనికింత యోచనా? మా ఇంట్లో పెండ్లి ఉండాదని నేను ఫోన్ సేసి అడగతా. రేటు సెప్పక యాడికి పోతాడు?" అంది. నాకు ఆ ఉపాయం నచ్చింది. నా భర్త ఘాట్ రోడ్డులో బస్సు నడుపుతాడు, ఆయన దగ్గర వాడని నంబరు ఒకటి ఉండేది. ఆ నంబరు నుంచి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, అత్త పక్కనే మంచం మీద కూర్చున్నాను. అది వైశాఖ మాసం.

"అన్నా, మాది తవణంపల్లె పక్కన పల్లె. నన్ను తిరుమలమ్మ అంటారు. శ్రావణంలో రెండో ఆదివారం మా పాప పెండ్లి. ఫోటోలకూ వీడియోకూ ఎంత తీసుకుంటావు?" అంది అత్త.

సార్ ఏదీ దాచలేదు. రెండు రోజుల పని అన్నాడు. తనతో ఇద్దరు మనుషులు వస్తారన్నాడు. ఆల్బం అచ్చుకు ఇంత, కారు బాడుగకు ఇంత, ఇంటికి పోయాక కంప్యూటరు ముందు పదైదు రోజుల పనికి ఇంత, కెమెరా అరుగుదలకు ఇంత అని ఒక్కొక్కటీ విడదీసి చెప్పాడు. "అంతా కలిసి అరవై ఐదు వేలమ్మా. అంతకు తక్కువైతే నాకు గిట్టదు. ఆషాఢంలో, మూఢంలో పని ఉండదు, అప్పుడు గూడా ఇంట్లో పొయ్యి ఎలగాల గదా" అన్నాడు.

అక్కడికి ఫోన్ పెట్టేసి ఉంటే నా బతుకు బాగుపడేది. నేను అత్తకు చేత్తో సైగ చేశాను, దించమని. అత్తకు అది చాలు.

"అన్నా, ఆ బిడ్డకు నాయన ల్యాడన్నా. ఆర్నెల్ల పసిబిడ్డప్పుడే పోయినాడు. నేనొక్కదాన్నే సాకినా" అంది. గొంతు వణికింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. మా మామ వరండాలో కాళ్ళు చాపుకుని పేపరు చదువుతూ ఉన్నాడు. నాకు నవ్వు ఆగలేదు, దిండు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అటువైపు నుంచి సార్ మెల్లగా అన్నాడు, "నలభై ఇయ్యమ్మా. అదీ పెండ్లయినాకనే. మొదటి ఫోటో ఎట్లా ల్యాదు గదా."

మొదటి ఫోటో అంటే ఏమిటో అత్తకు తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా దిండు తీయలేదు.

"అడ్వాన్సు అన్నా?" అంది అత్త.

"వద్దు. ఆ ఆదివారం నీదని క్యాలెండరు మీద రాసుకుంటా ఉండా. ఇంగెవురికీ ఇయ్యను. వీలైనప్పుడు ఒకసారి వచ్చి కలువు, సాలు."

ఫోన్ పెట్టేసి అత్త పైటతో కళ్ళు తుడుచుకుంది. "సూసినావా, నిమిషంలో ఇరవై ఐదు వేలు దించినా" అంది. నేను ఆమె చేతులు పట్టుకుని ఊపాను. అంత సంబరం మాకు.

మా వైపు మొదట చెప్పిన రేటును ఎవరూ నమ్మరు. చీరకైనా, మామిడికాయల గంపకైనా, ఆటోకైనా మొదటి మాట తగ్గడానికే చెబుతారు, రెండో మాటే అసలు మాట. పుట్టినప్పటి నుంచీ చూసింది అదే. కాబట్టి అరవై ఐదు పైపై మాట అనుకున్నాను. నలభైకి ఒప్పుకున్నాడంటే నలభైలోనే ఆయనకు లాభం ఉందన్నమాట అనుకున్నాను. ఆయన మొదట చెప్పింది నిజమనీ, రెండోది దయ అనీ నా బుర్రకు తట్టలేదు. మూడేళ్ళు ఆ మనిషి దగ్గర అన్నం తిన్న బుర్ర ఇది.

నలభైలోంచి ఇంకో రెండు తీసేసి, పెండ్లికి ముప్పై ఎనిమిది వేలు అని ఫ్లెక్సీలు కొట్టించాను. ఒకటి పాకాల స్టేషన్ దగ్గర కట్టించాను. ఇంకొకటి పూతలపట్టు కూడలిలో, సరిగ్గా ఆయన మిద్దె కిటికీకి ఎదురుగా. తర్వాత ఒక పెళ్ళిలో కనిపించినప్పుడు సార్ అన్నాడు, "నీ ఫ్లెక్సీ సూసినా పాపా. దాంట్లో పెండ్లికూతురు ముఖం మీద లైటు బాగా పడింది." ఎగతాళి కాదు అది. ఆయనకు ఎగతాళి రాదు.

జనం వచ్చారు, రాక ఏం చేస్తారు? వైశాఖం, జ్యేష్ఠంలో ఏడు పెళ్ళిళ్ళు చేశాను. అందులో రెండు సార్ దగ్గరికి పోవాల్సినవి. ఆల్బం అచ్చుకూ, వీడియో తీసే రూపేష్‌కూ, కారుకూ పోగా నాకు మిగిలింది చూస్తే, మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆమె నాకన్నా నయం. నడుము పట్టేసింది. కెమెరా బాగుచేయించడానికి తిరుపతికి తీసుకుపోతే, చెప్పిన ఖర్చు విని కెమెరాను సంచిలో పెట్టుకుని తిరిగి వచ్చాను. సార్‌కు ఎలా గిట్టుబాటవుతోంది, ఏదో కిటుకు ఉంది, నాకు నేర్పకుండా దాచుకున్నాడు అని కూడా అనుకున్నాను. అనుకున్నాను, అబద్ధం చెప్పను.

ఆ మధ్యలో ఫోన్ మోగేది. గూట్లో పెట్టిన ఆ వాడని నంబరు. ఆషాఢం మొదట్లో ఒకసారి, వారం తర్వాత ఒకసారి, అలా నాలుగుసార్లు. అత్త గూటి దగ్గర నిలబడి "ఆయప్పే. ఎత్తేదా?" అనేది. "వద్దత్తా, గమ్మునుండు. పెండ్లి లేదని ఆయనే అనుకుంటాడు" అనేదాన్ని. మోగి మోగి ఆగిపోయేది. నాలుగోసారి తర్వాత ఆ ఫోన్ ఆపేశాను.

శ్రావణం వచ్చింది. ఆషాఢమంతా ఖాళీగా కూర్చున్నానేమో, ఒక పెళ్ళితో ఏ మూలకూ సరిపోదని ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. రెండో ఆదివారం. ఒకదానికి నేను, ఇంకోదానికి రూపేష్. ఆ రెండోది పాకాలలోనే, ధనంజయ గారి కూతురు నందిని పెళ్ళి. గురువారం పొద్దున రూపేష్ ఫోన్ చేశాడు. బెంగుళూరులో ఎవరో రెండింతలు ఇస్తామన్నారట, పోతున్నానన్నాడు. తిడదామని నోరు తెరిచాను. నేనిచ్చే కూలికి వాడు ఇన్నాళ్ళు ఉండడమే ఎక్కువ, ఏమని తిట్టేది?

ఆ ముహూర్తానికి తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఖాళీగా ఉన్న ఫోటోగ్రాఫరు ఒక్కడు లేడు. పదకొండు మందిని అడిగాను. నందినికి పెళ్ళి ఫోటోలు లేకుండా పోతాయి, పాకాలలో నా అంగడి తలుపు మళ్ళీ తెరుచుకోదు. ఇక మిగిలింది సార్ ఒక్కడే. ఫోన్ చేశాను.

"ఆదివారమా పాపా? ఆ పొద్దు ఒప్పుకునేసినానే. తవణంపల్లె తావ ఒక పెండ్లి. నాయన లేని బిడ్డ" అన్నాడు.

అత్త చెప్పిన ఆదివారం అదేనని అప్పుడు గుర్తొచ్చింది నాకు. "అడ్వాన్సు ఇచ్చినారా సార్?"

"ల్యా. నాలుగు మాట్లు ఫోన్ సేసినా, ఎత్తల్యా. ఏం కష్టంలో ఉండారో ఏమో. చిత్తూరోళ్ళు అదే దినానికి అడిగినారు, పెద్ద పెండ్లి, ల్యాదని సెప్పినా. మాటిచ్చినాక ఎట్ల?"

"వాళ్ళు రాకపోతే ఏం చేస్తారు సార్?"

"వస్తేనో?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. అన్నీ విన్న అత్త నా పక్కన వచ్చి కూర్చుంది. ఈసారీ ఉపాయం ఆమెకే తట్టింది. "నేనే ఫోన్ సేసి పెండ్లి నిలిసిపోయిందని సెప్తా. అప్పుడు ఆయప్పకు ఆదివారం ఖాళీ. నువ్వు పిలిస్తే వస్తాడు. ఎవురికీ ఏమీ తెలీదు" అంది.

చెప్పొద్దు అత్తా, నేనే నిజం చెబుతాను అని నేను అన్నానని రాసుకోవాలని ఉంది. అనలేదు. గూట్లోంచి ఆ ఫోన్ తీసి, నేనే చార్జింగు పెట్టి, నేనే నంబరు నొక్కి ఆమె చేతిలో పెట్టాను.

ఒక్క రింగుకే ఎత్తాడు. "తిరుమలమ్మా, నువ్వేనా? పాప బాగుండాదా?" అన్నాడు.

"బాగుండాదన్నా. పెండ్లే... నిలిసిపోయిందన్నా" అంది అత్త.

"నిలిసిపోయిందా? యాలమ్మా?" ఆయన గొంతులో తొందర నాకిప్పటికీ వినపడుతుంది. "దుడ్లు సాలకనా? నా దుడ్ల గురించి యోచన సేయొద్దమ్మా. నలభై గూడా వద్దు, నాకేమీ వద్దు. ఊరికే వచ్చి తీసిస్తా. మగపెండ్లోళ్ళు ఏమన్నా అడగతా ఉండారా? మీ ఊరు యాడో సెప్పు, నేనొచ్చి మాట్లాడతా. నాయన లేని బిడ్డని అట్ల ఇడిసిపెట్టేస్తారా?"

అత్త నోరు తెరిచింది. కూరగాయలవాణ్ణి, చీరలవాణ్ణి, ఆటోవాణ్ణి ఏడిపించిన మనిషి, ఊరికే ఇస్తానన్న ఆ మనిషి ముందు ఇంకేమీ అడగలేకపోయింది. ఫోన్ నా ఒళ్ళో పెట్టి లేచి లోపలికి పోయింది. "అమ్మా? అమ్మా?" అంటున్నాడు ఆయన.

"సార్. నేను లోకేశ్వరిని" అన్నాను.

"పాపా? నువ్వు ఆడికి పోయినావా? ఆ బిడ్డ మీకు సొంతమా?"

అప్పుడు కూడా ఆయనకు అనుమానం రాలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, కానీ ఏడిస్తే ఇదీ అత్త నాటకంలా ఉంటుందని పళ్ళు బిగించుకున్నాను. "సొంతం కాదు సార్. ఆ బిడ్డే లేదు. పెండ్లీ లేదు. మీ రేటు తెలుసుకుందామని మా అత్తతో నేనే ఫోన్ చేయించినా. తగ్గించమని సైగ చేసింది గూడా నేనే. మీరు ఫోన్ చేస్తే ఎత్తొద్దన్నదీ నేనే."

పూతలపట్టు కూడలిలో బస్సు హారన్ వినపడింది ఫోన్‌లో. ఎవరో మెట్లు ఎక్కుతున్న చప్పుడు. ఆయన "రవంత కూసో అప్పా" అని వాళ్ళతో అని, మళ్ళీ నాతో మాట్లాడాడు.

"అయితే నాయన లేని బిడ్డ ల్యాదా?"

"లేదు సార్."

"మంచిదే" అన్నాడు. పెద్దగా ఊపిరి వదిలాడు. "ఈ మూడు నెలలూ క్యాలెండరు సూసినప్పుడంతా మనసు ఒకమాదిరిగా అయ్యేది. మంచిదేలే, ల్యాదు గదా."

నన్ను తిట్టి ఉంటే బతికేదాన్ని. నాలుగు బూతులు తిట్టినా తలవంచుకుని వినేదాన్ని.

"రేటు నన్నే అడిగింటే సెప్పేవాణ్ణి గదా పాపా" అన్నాడు.

"సిగ్గయింది సార్."

"అడిగేదానికా?" అన్నాడు. అంతే అన్నాడు.

ఆయనే మళ్ళీ అడిగాడు, "ఆదివారం పెండ్లి యాడ?" చెప్పాను. కల్యాణ మండపం పేరు రాసుకున్నాడు. ఎన్ని గంటలకు ముహూర్తమో అడిగాడు. పెళ్ళికూతురి నాయన పేరు అడిగాడు. ధనంజయ అని చెప్పాను.

"మీకెంత ఇమ్మంటారు సార్?" అన్నాను. జీవితంలో మొదటిసారి అడిగాను ఆ మాట.

"అరవై ఐదు. అప్పుడే సెప్పినా గదా. నలభై నాయన లేని బిడ్డకు" అన్నాడు సార్. గొంతులో కోపం లేదు. దువ్వెనకు దారం ఎందుకో చెప్పినట్టే చెప్పాడు. "నీకు నాయన ఉండాడు గదా పాపా."

ఎదురుగా గోడ మీద మా నాయన ఉన్నాడు, నా పక్కన నిలబడి, కళ్ళు స్పష్టంగా పడి, నవ్వుతూ. తల ఎత్తి అటువైపు చూడలేదు నేను. సరే సార్ అన్నాను.